మహారాజశ్రీ వెబ్ డైరెక్టరీ గారికి

మహారాజశ్రీ వెబ్ డైరెక్టరీ గారి దివ్య సముఖానికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు క్షేమంగా లేరని నిన్న మధ్యాహ్నం భోంచేసి కూర్చున్నది మొదలు దీపాలు పెట్టే వేళ దాకా తమరి లింకులు నొక్కి నొక్కి తెలుసుకున్నాను.

ఫోన్లో అవే మొహాలు, అవే రీళ్ళు చూసి విసుగెత్తి ఉన్నానేమో, "మనుషులు చూసి, మెచ్చి, ఏరి కూర్చిన సైట్లు" అని తమరు నెత్తిన రాసుకున్న మాటకి పడిపోయాను. అల్గారిదం ఊసు లేదు. ఇది చూశారు కాబట్టి అదీ చూడండి అనే బెదిరింపు లేదు. కళలు, సైన్సు, వంటలు, వింతలు, ఇతరములు అంటూ చక్కగా అరలు. చెయ్యి పెట్టాక గదా తెలిసింది.

చిల్లర ఫిర్యాదులు ముందు వదిలించుకుంటాను. పేర్ల పక్కన ఎర్రగా మిణుక్కుమంటున్న 'కొత్తది' బొమ్మ పెట్టిన ఏడు పుట్టిన పిల్లలకి ఈపాటికి ఓటుహక్కు వచ్చి ఉంటుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో చూడమన్నారు, దాన్ని మైక్రోసాఫ్ట్ వారే 2022 జూన్‌లో సాగనంపారు. కేంబ్రిడ్జి కంప్యూటర్ ల్యాబులోని కాఫీ కుండని చూపించే కెమెరా పక్కన 'ప్రత్యక్ష ప్రసారం' అని ఇంకా ఉంది. ఆ కెమెరా ఆపేసింది 2001లో. ఇక తెలుగు అరలో చాలావరకు యూనికోడ్ (ఏ కంప్యూటర్లోనైనా తెలుగు తెలుగులాగే కనబడేలా చేసే పద్ధతి) వాడకంలోకి రాకముందు సైట్లు. అక్షరం ఉండాల్సిన చోట డాలరు గుర్తు, ఒత్తు ఉండాల్సిన చోట నెత్తిన చుక్కలున్న ఇంగ్లిషు అక్షరం. ఫాంటు దించుకోమని పక్కనే లింకు, అదీ పోయింది. ఒకప్పుడైతే ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి 'పద్మ' అనే తోక ప్రోగ్రాము తగిలించుకుంటే ఆ గజిబిజిని చదవగలిగే తెలుగు చేసి పెట్టేది. ('ఈమాట' అనే వెబ్ పత్రిక మాత్రం నొక్కగానే తెరుచుకుంది. 1998 నుంచీ ఉంది, ఆ పుణ్యం వారిదే, తమరిది కాదు.) పేజీ అడుగున సర్వహక్కులూ తమవేనన్న ముక్క పక్కన ఈ ఏటి అంకె ఉంది. ఇల్లు ఊడ్చే దిక్కు లేదు గానీ గోడ మీద క్యాలెండరు ఏటా దానంతటదే మారుతోందన్నమాట!

సరే, ఇవన్నీ మాఫీ. పులి సంగతి మాత్రం వదలను.

వింతల అరలో ఒక లింకు కింద తమరి మనిషెవరో ఒక్క వాక్యం రాశారు. అగ్గిపెట్టెల లేబుళ్ళు పోగేసిన ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టరు గారి సైటట. అచ్చులో తేడా వచ్చి రెండు తోకలు మొలిచిన పులి మూడో పేజీలో ఉందట. దాన్ని చూడకుండా వెనక్కి రావద్దట. పక్కన ఐదు స్టార్లు. ఇది చదివి నొక్కకుండా ఉండగలిగిన మనిషిని చూపించండి, దణ్ణం పెడతాను.

నొక్కాను. రమ్మీ వచ్చింది. ఆకుపచ్చ బల్ల, పేకముక్కలు, సంచీలోంచి దొర్లే బంగారు నాణేలు, చేరితే బోనస్. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి మరీ నిషేధించిన ఆటకి తమరి ఐదు స్టార్లు!

పట్టు వదలక, పాత వెబ్ పేజీల నకళ్ళు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ చిరునామా వేశాను. దొరికింది. మూడో పేజీ, గోధుమరంగు నేపథ్యం, ఎంతమంది వచ్చారో లెక్క చూపే డబ్బా, అన్నీ ఉన్నాయి. బొమ్మలుండాల్సిన చోట మాత్రం చిరిగిన కాగితం గుర్తున్న ఖాళీ గళ్ళు. ఒక గడి కింద మాస్టరు గారి రాత: "రెండు తోకల పులి. ఎడమది అసలు తోక అని నా అభిప్రాయం." అభిప్రాయం భద్రంగా ఉంది. పులి లేదు.

తమరి వంశంలో పెద్దలు ఇలా చెయ్యలేదండీ. 1994లో స్టాన్‌ఫర్డ్‌లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో అనే ఇద్దరు విద్యార్థులు నచ్చిన సైట్లకి పట్టీ రాసుకుంటే అదే యాహూ అయింది. 2014 చివర్లో ఆ డైరెక్టరీకి తాళం వేశారు. 1998లో పుట్టిన డీమాజ్ అనే మరో డైరెక్టరీని జీతం లేని సంపాదకులు నడిపారు, 2017 మార్చిలో మూసేశారు. పోతూ పోతున్నామని చెప్పి పోయారు. డీమాజ్‌లో చచ్చిన లింకుల్ని పట్టుకోవడానికి రోబోజిల్లా అని ఒక ప్రోగ్రాము కూడా ఉండేది. అయితే రోబోజిల్లాకైనా ఈ పులి కేసు చిక్కేది కాదనుకోండి. పేజీ పోతే 404 అని, అంటే 'దొరకలేదు' అని జవాబొస్తుంది, రోబో పట్టేస్తుంది. రమ్మీవాడు 200 అంటాడు, అంటే అంతా సవ్యం, లోపలికి దయచేయండి అని. లోపలున్నది పులి కాదు, పేకాట అని తేలాలంటే ఎవరో ఒకరు కళ్ళతో చూడాలి. "మనుషులు చూసి" అన్నారే, ఏరీ ఆ మనుషులు?

అసలు కడుపు మండేది ఇక్కడ. మాస్టరు గారు డొమైన్‌కి, అంటే సైటు పేరుకి, డబ్బు కట్టలేదు, పేరు గడువు తీరింది. అగ్గిపెట్టెల పేరున్న చిరునామాతో పేకాటవాడికేం పని? నీ వల్లే పని! నీలాంటి పాత డైరెక్టరీలో లింకున్న పేరంటే సెర్చ్ ఇంజన్ల దగ్గర కాస్త పరపతి ఉంటుందని, గడువు తీరిన పేర్లకి కాపు కాసి ఎగరేసుకుపోయే వ్యాపారమే ఉంది. నువ్వు మెచ్చుకోకపోయి ఉంటే ఆ పేరు ఎవడికీ అక్కర్లేక పడి ఉండేది. మెచ్చి దానికి ధర తెచ్చావు, తెచ్చి నీ దారిన నువ్వు పోయావు. 'సైటు లేదు' అని రెండు ముక్కలు రాయడానికి చేతులు రాలేదా? 'సైటు సూచించండి' ఫారంలో ఇదంతా రాసి పంపితే 'మీ సూచన పరిశీలనలో ఉంది' అంటావా? ఎవడు పరిశీలిస్తున్నాడు, రమ్మీవాడా?

ఇంత తిట్టాక కూడా నీ ట్యాబు మూయలేదు, అదొక ఖర్మ. ఏ అల్గారిదమూ నాకు ఇంతవరకు రెండు తోకల పులి ఆశ పెట్టలేదు మరి.

కాబట్టి ఆ లింకు ఇవాళే పీకెయ్. కింద ఉన్న వాక్యం జోలికి మాత్రం వెళ్ళకు. అది రాసినవాళ్ళు పులిని కళ్ళారా చూశారు గనక వాళ్ళెక్కడున్నా వెతికి పట్టుకో. మాస్టరు గారు ఎడమది అసలుదంటున్నారు, వాళ్ళేమంటారో కనుక్కుని నాకు రాయి.

ఇట్లు,
వింతల అరలో ఇరుక్కుపోయిన ఒక పాఠకుడు