కాపాడిన కుక్కను మళ్ళీ ఆ షెడ్డుకేనా?

విజయనగరం శివారులో, పిల్లలను పెట్టించి అమ్ముకునే ఒక రేకుల షెడ్డులో, ఏళ్ళ తరబడి ఇనుప జాలీల మీద బతికిన కుక్కలు బయటపడిన సంగతి పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ ఫొటోలు చూసి జిల్లా అంతా బాధపడింది. ఇప్పుడు జరుగుతున్నది అంతకన్నా ఘోరం. వాటిలో ఒక ఆడ లాబ్రడార్‌ను జంతు సంరక్షకుల ద్వారా ఇంటికి తెచ్చుకుని, నెలల తరబడి సాకి, మళ్ళీ మామూలు కుక్కను చేసిన కుటుంబం ఒకటుంది. ‘ఆ కుక్క నాది, నాకు ఇప్పించండి’ అంటూ షెడ్డు యజమాని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాడు. కొందరు అధికారులు ఆ కుటుంబానికి ఫోన్ చేసి ‘గొడవెందుకండీ, ఇచ్చేయండి’ అని సలహా ఇస్తున్నారు. ఆ మాట విన్నాక ఊరుకోవడం మా వల్ల కాలేదు.

ఇచ్చేయమంటున్నది దేన్నో వాళ్ళకు తెలుసా? ఇంటికొచ్చిన రోజు ఆ కుక్క గచ్చు మీద కాలు ఆన్చలేకపోయింది. ఏళ్ళ తరబడి ఇనుప జాలీ మీద నిలబడిన కాళ్ళకు చదునైన నేలంటేనే భయం. వేళ్ళ మధ్య పుళ్ళు, వేలాడే పొదుగు, జాలీ కొరికి కొరికి అరిగిపోయిన పళ్ళు. ఎదురుగా మనిషి ఉంటే గిన్నె ముట్టేది కాదు. అటు తిరిగితే గోడవారగా పాక్కుంటూ వచ్చి, రెండు ముద్దలు తిని, మళ్ళీ మంచం కిందికి పోయేది. ఆ ఇంటి పెద్దావిడ రోజూ సాయంత్రం వసారాలో చాప వేసుకుని, దానివైపు చూడకుండా, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చునేవారు. పిలవలేదు, చెయ్యి చాపలేదు. అలా కూర్చోగా కూర్చోగా ఒకనాడు అదే వచ్చి ఆవిడ చీర చెంగు వాసన చూసింది. ఆ ఒక్క అడుగుకే వారాలు పట్టింది.

ఇలాంటి కుక్కను దత్తత తీసుకోవడం పెట్ షాపులో పిల్లను కొనుక్కోవడం లాంటిది కాదు. దానికి మెట్లెక్కడం రాదు. బయటికి వెళ్ళి విసర్జించాలని తెలియదు. తలుపు సందు దొరికితే పరుగే. పిలిస్తే వచ్చే అలవాటు ఉండదు కాబట్టి బయటికి తీసుకెళ్తే మెడకొక పట్టీ, ఛాతీకొక పట్టీ, రెండు తాళ్ళు ఉండాలి. గజ్జి, టిక్ ఫీవర్, గర్భాశయంలో చీము, ఒకటి తగ్గేలోపు ఇంకొకటి. ఇంట్లో నెమ్మదైన మరో కుక్క ఉంటే దాన్ని చూసి త్వరగా నేర్చుకుంటుంది. లేదంటే ఆ పని కూడా మనుషులే చేయాలి. మందులు, ఆపరేషన్, నిద్రలేని రాత్రులు, దీపావళి టపాసుల టెన్షన్ అన్నీ ఆ కుటుంబమే భరించింది. ఇంత చేశాక, పుళ్ళు మానిన ఆ కాళ్ళను తిరిగి జాలీ మీద నిలబెడతామంటున్నారు.

షెడ్డు యజమాని వాదన కూడా చెప్పాలి. తన మీద ఉన్న జంతుహింస కేసు తేలలేదు, నేరం రుజువు కాలేదు, డబ్బు పెట్టి కొన్న ఆస్తి, అదే జీవనాధారం అంటున్నాడు. యజమాని మీద అదే తొలి కేసైతే, కేసు నడిచేంత కాలం జంతువును ఉంచుకునే విషయంలో అతని హక్కుకే కొంత బలం ఉంటుందని 1998లో పింజ్రాపోల్ (జంతు సంరక్షణశాల) కేసులో సుప్రీంకోర్టు అన్న మాట నిజమే. అయితే పట్టుకున్నప్పుడు జంతువు ఏ స్థితిలో ఉందో, తిరిగిస్తే మళ్ళీ హింసకు గురయ్యే అవకాశం ఉందో లేదో చూడాలని కూడా అదే తీర్పు చెప్పింది. ఆ కుక్క ఒళ్ళే దీనికి సాక్ష్యం. అంతకుమించి వెతకాల్సింది లేదు.

2017లో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకాల నిబంధనల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ కుక్కపిల్లల వ్యాపారం చేయకూడదు. 18 నెలలు నిండని ఆడకుక్కను ఈతకు పెట్టకూడదు. జీవితంలో 5 ఈతలు దాటకూడదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ ఏడాదే వచ్చిన మరో నిబంధనావళి ప్రకారం, స్వాధీనం చేసుకున్న జంతువులను కేసు నడుస్తున్నంత కాలం సంరక్షణ సంస్థలకు అప్పగించవచ్చు. ఖర్చు యజమాని నుంచే రాబట్టవచ్చు. ఇక్కడ జరుగుతున్నది తలకిందులు. ఖర్చు పెట్టినవాళ్ళను సంజాయిషీ అడుగుతున్నారు, హింసించినవాడికి కుర్చీ వేస్తున్నారు.

మా ఆందోళన ఈ ఒక్క కుక్క గురించే అయితే ఇంత రాయం. ఈసారి వెనక్కి ఇప్పిస్తే వచ్చేసారి ఏమవుతుంది? శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో రేపు ఇంకో షెడ్డు బయటపడుతుంది. కుక్కలను ఉంచడానికి ప్రభుత్వం దగ్గర చోటు ఉండదు. ప్రతి జిల్లాలో జంతుహింస నివారణ సంఘం ఉండాలని 2001 నుంచి నిబంధన ఉన్నా, కష్టం వచ్చినప్పుడు జనం తట్టేది పక్కింటివాళ్ళ తలుపే. ‘ఆరు నెలలు సాకి బతికిస్తే తీసుకుపోయి వాడికే ఇస్తారట’ అని తెలిశాక ఏ ఇల్లాలు ఆ తలుపు తీస్తుంది? ఏ డాక్టరు ఉచితంగా సూది వేస్తాడు? షెడ్డు యజమానులకు అర్థమయ్యేది ఒకటే: దొరికినా ఫర్వాలేదు, నాలుగు రోజులు ఓపిక పడితే సరుకు తిరిగి చేతికొస్తుంది, అదీ వైద్యం చేయించి మరీ. జంతుహింసకు 1960 నాటి చట్టంలో తొలిసారి జరిమానా గరిష్ఠంగా 50 రూపాయలు. ఒక్క పిల్లను వేలల్లో అమ్ముకునేవాడిని ఆ జరిమానా ఆపదు. కుక్కలు తన చేతికి తిరిగి రావన్న భయమే ఆపాలి. ఆ భయం కూడా తీసేస్తారా?

ఈ పాపంలో కొనేవాళ్ళ వాటా తక్కువేం కాదు. పుట్టినరోజు కానుకగా కుక్కపిల్ల కావాలంటారు, తల్లిని చూపించమని అడగరు. మంచు దేశపు హస్కీని తెచ్చి మన ఉక్కపోతలో డాబా మీద కట్టేస్తారు. తల్లిని చూపించనన్నవాడి దగ్గర పిల్లను కొన్న ప్రతి ఇల్లూ ఆ షెడ్డుకు అద్దె కట్టినట్టే.

జిల్లా యంత్రాంగం చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. కేసు తేలేదాకా కుక్క ఉన్నచోటే ఉంటుందని కోర్టులో గట్టిగా చెప్పాలి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి వైద్యులతో పరీక్ష చేయించి నివేదిక కోర్టు ముందు పెట్టాలి. మిగతా కుక్కలను తీసుకెళ్ళిన ఇళ్ళకు వైద్యం ఖర్చు ఇప్పించాలి. ఆ పెద్దావిడకు ఫోన్ చేయడానికి తీరిక దొరికిన అధికారులు, అన్నేళ్ళు ఆ షెడ్డు ఏ రిజిస్ట్రేషన్‌తో నడిచిందో, తనిఖీకి ఎవరు వెళ్ళారో, ఏం రాసుకొచ్చారో ముందు బయటపెట్టాలి. అది చేసేదాకా ఆ ఇంటికి ఇంకో ఫోన్ వెళ్ళడానికి వీల్లేదు.