రాత్రి జరిగింది పొద్దునకల్లా బడికి తెలియాలి

గృహహింస ఫిర్యాదుపై రాత్రి పోలీసులు వచ్చి వెళ్లిన ఇంటి నుంచి పొద్దున ఒక పిల్ల బడికి వస్తుంది. హోంవర్క్ ఉండదు, కళ్లు మూతలు పడుతుంటాయి. సంగతి తెలియని టీచర్ ఆ పిల్లను నిలబెడతారు. రాత్రి ఇల్లు వేసిన శిక్షకు పగలు బడి మరొకటి కలుపుతుంది.

పిల్లల మీద చెయ్యి పడలేదు కదా అనే వాదన ఎప్పుడో వీగిపోయింది. అమెరికాలో 1998లో వెలువడిన ఏస్ (చిన్ననాటి చేదు అనుభవాల) అధ్యయనం బాల్యపు గాయాల లెక్కలో తల్లి దెబ్బలు తినడాన్నీ చేర్చింది. అలాంటి గాయాలు ఎక్కువైనకొద్దీ పెద్దయ్యాక డిప్రెషన్, గుండెజబ్బుల ముప్పు పెరుగుతోందని చూపింది. గృహహింసను చూసినా, విన్నా పిల్లలు బాధితులేనని బ్రిటన్ 2021 చట్టంలోనే రాసుకుంది.

చట్టం సరే, పొద్దున తొమ్మిదింటికి ఆ పిల్లకు ఏం దక్కుతుంది? ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో 2011లో ఒక హెడ్మిస్ట్రెస్, పోలీసు అధికారి అయిన ఆమె భర్త కలిసి దీనికి దారి చూపారు. పేరు ఆపరేషన్ ఎన్‌కంపాస్. గృహహింస ఫిర్యాదుపై వెళ్లిన పోలీసులు, మర్నాడు బడి మొదలయ్యేలోపే అక్కడ శిక్షణ పొందిన ఒక వ్యక్తికి కబురు చెప్పాలి. అంతే. దీనికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. ఆ పిల్లను ఎవరూ ఆరా తీయరు. హోంవర్క్ అడగరు, కాసేపు కునుకు తీస్తే తీయనిస్తారు, తనంతట తాను నోరు విప్పితే వింటారు. 'తప్పు నీది కాదు' అని ఆ పిల్లకు ఒక పెద్ద మనిషి చెప్పడం ఎంత అవసరమో! అమ్మానాన్నల గొడవకు తానే కారణమని నమ్మే పిల్లలు చాలామంది.

ఇంటి గుట్టు బడికెక్కితే పరువు పోతుందని కొందరి బెంగ. కబురు ఒక్కరి దగ్గరే ఆగాలన్న షరతు అందుకే. అయినా పోలీసులు వచ్చాక ఇక గుట్టేమిటి?

కౌన్సెలింగ్ వద్దనను. కానీ తల్లికి భద్రత లేకుండా పిల్లకు మాత్రం వైద్యం చేస్తామనడం నాకు మింగుడుపడదు. చిన్నపిల్లల విషయంలో తల్లినీ బిడ్డనూ కలిపి కూర్చోబెట్టే చికిత్సలు ఉన్నది ఇందుకే.

అసలు చిక్కు బడితోనే. ప్రతి పిల్ల మార్కులూ దానికి కంఠతా వచ్చు, ఆ మార్కులు ఎందుకు పడిపోయాయో అడిగే తీరికే లేదు. పిల్లల బాగోగులు చూడటాన్ని టీచర్ పనిగంటల్లో లెక్కకట్టి, ఆ మేరకు సిలబస్ భారం తగ్గించాలి. అదనపు డ్యూటీగా అంటగడితే అది మరో రిజిస్టర్‌గా మిగులుతుంది.