మందు పడలేదు అనేసి ఊరుకుంటే ఎలా

మూర్ఛకి కార్బమజెపైనో గౌట్ అనే కీళ్ళజబ్బుకి అల్లోప్యూరినాలో మొదలెడతారు, రెండు మూడు వారాలు బానే ఉంటుంది, తర్వాత జ్వరం, కళ్ళు ఎర్రబడటం, నోట్లో పుండ్లు, ఏదో వైరల్ ఫీవర్‌లే అనుకుని అదే మాత్ర వేస్తూనే ఉంటారు, ఈలోపు ఛాతీ మీద మచ్చలు లేచి బొబ్బలెక్కి, వేలితో కాస్త రుద్దితే చాలు పై చర్మం జారిపోతుంది. ఇదే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్. ఒంట్లో 30 శాతం మించి చర్మం ఊడితే టెన్ (టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్) అంటారు, అది వచ్చినవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది బతకరు.

చూడ్డానికి కాలిన గాయంలా ఉంటుంది గానీ మందు నేరుగా కాల్చేదేం లేదు. చర్మాన్ని చంపేది రోగాలతో పోరాడాల్సిన మన టి సెల్సే. కణం మీద ఇది మనదే అని చూపే గుర్తు హెచ్ఎల్ఏ ప్రోటీన్, మందు అణువు దానికి అతుక్కుంటే టి సెల్స్‌కి సొంత చర్మకణమే శత్రువులా కనబడుతుంది, ఇక గ్రాన్యులైసిన్ అనే విషం వదులుతాయి. 2008లో బొబ్బల్లోని నీరు తీసి చూస్తే అదే కుప్పలుగా ఉంది, ఎలుక చర్మంలోకి ఎక్కిస్తే అక్కడా బొబ్బలొచ్చాయి. కొన్ని కణాలు అపోప్టోసిస్‌తో లోలోపలే ముడుచుకుని చస్తాయి, కొన్ని నెక్రోప్టోసిస్‌తో పగిలి లోపలున్నదంతా బయటికి కక్కేస్తాయి, దాంతో మంట ఇంకా ఎగదోసినట్టవుతుంది.

ఇంత తెలిశాక కూడా చేతులు కట్టుకు కూర్చోవడమే మాకు మింగుడుపడటం లేదు. కార్బమజెపైన్‌తో వచ్చే ఈ జబ్బుకీ హెచ్ఎల్ఏ-బి 1502 అనే జీన్ రకానికీ లింకు 2004లోనే తేలింది. తైవాన్‌లో దాదాపు 5 వేల మందికి ముందే టెస్ట్ చేసి, జీన్ ఉన్నవాళ్ళకి ఆ మందు ఇవ్వకపోతే ఒక్కరికీ ఈ జబ్బు రాలేదు, ఆ ఫలితాలు 2011లో వచ్చాయి. ఈ జీన్ ఎక్కువగా ఉండే జనాల్లో ఆ టెస్ట్ లేకుండా మందు రాయడానికి సాకు ఏముందో మాకైతే అర్థం కాదు.

అన్ని మందులకీ టెస్టులు లేవు, నిజమే. కానీ నోట్లో పుండ్లొస్తే మాత్ర ఆపి వెంటనే రమ్మని చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. 2024లో రోగనిరోధక వ్యవస్థ జోరు తగ్గించే జాక్ ఇన్హిబిటర్ మందులు ఇచ్చిన ఏడుగురూ కోలుకున్నారు, సంతోషమే, ఏడుగురితో ధీమా పడలేం. ఈలోపు బయటపడ్డవాళ్ళ చేతికి జబ్బు తెచ్చిన మందు పేరు రాసిచ్చి పంపాలి, కార్బమజెపైన్ పడనివాళ్ళకి ఫెనిటాయిన్ అనే మరో మూర్ఛ మందు కూడా ప్రమాదమే అన్న ముక్క కూడా అందులోనే ఉండాలి.