పూల్ ఉన్నవాడి పాచిపని

డాలస్ శివార్లలో ఇల్లు కొన్న తెలుగువాడు పెరట్లో స్విమ్మింగ్ పూల్ ఎందుకు కట్టిస్తాడన్నదానికి లోతైన కారణాలేమీ వెతకక్కర్లేదు, పక్కింట్లో ఉంది కాబట్టి కట్టిస్తాడు. నేనూ అంతే. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళకి ముందు దేవుడి గది, తర్వాత పూల్ చూపించాను. కొందరి విషయంలో వరస మారింది, దేవుడు ఏమీ అనుకోలేదు.

మూడో వేసవిలో, నాతో ఒక్కమాటైనా చెప్పకుండా ఆ పూల్‌లో కాపురం పెట్టేసినవాళ్ళు బయటపడ్డారు. నిచ్చెన కాలు చుట్టూ గులాబీ రంగు జిగురు. వేలితో రాస్తే బెండకాయ బంకలా సాగింది. ఇది నాచు కాదు. నాచు పచ్చగా వచ్చి తన రాక అందరికీ చాటుకుంటుంది. ఇది బ్యాక్టీరియా, ఎక్కువగా మిథైలోబ్యాక్టీరియం అనే రకం అంటారు. వీటికి పీవీసీ అంటే ప్రాణం. గొట్టాలు, పైన తేలే చెత్తని లాగే స్కిమ్మర్ నోరు, లైటు వెనక గూడు, ఎండ తగలని, నీళ్ళు సరిగ్గా తిరగని ప్రతి మూలా వీటికి ప్లాటే.

వీళ్ళని తిట్టడం అన్యాయమని నా అభిప్రాయం. మనం చేసిందే వాళ్ళూ చేశారు. మంచి చోటు చూసుకుని అతుక్కున్నారు, చుట్టూ జిగురుతో ప్రహరీ కట్టుకున్నారు, తర్వాత బంధువుల్ని పిలిపించుకున్నారు. మన గేటెడ్ కమ్యూనిటీలో డెలివరీ కుర్రాణ్ణి ఆపినట్టు అక్కడ క్లోరిన్‌ని గేటు దగ్గరే ఆపేస్తారు. నీళ్ళలో తిరిగే అమాయకపు బ్యాక్టీరియా చస్తుంది, ప్రహరీ లోపలిది హాయిగా ఉంటుంది. సైన్సు దీనికి బయోఫిల్మ్ అని పేరు పెట్టింది. మనవాళ్ళు ఎప్పుడో పాచి అనేశారు. చెరువు మెట్ల మీద కాలు జారేదీ పాచే, పొద్దున లేవగానే పళ్ళ మీద ఉండేదీ పాచే. 1683లో హాలండ్‌లో లేవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి తన పళ్ళ పాచి గీకి, సొంతంగా తయారుచేసుకున్న భూతద్దంలో చూస్తే అందులో బుల్లి జీవాలు ఈదుతూ కనిపించాయి. అంటే పూల్ పార్టీ మన నోట్లోనే మొదలైంది.

ఆ ఒక్క మాట పట్టుకుని ఉంటే నాకు బోలెడు డబ్బు మిగిలేది. పళ్ళ పాచి పోవాలంటే తోముతాం కదా, పుక్కిలించి ఊరుకోం కదా. నేను మాత్రం పూల్‌కి అన్నాళ్ళూ పుక్కిలింతలే పట్టించాను. పూల్ సామాన్ల కొట్లో నీళ్ళు ఉచితంగా పరీక్ష చేస్తారు. ఆ ఉచిత పరీక్ష నాకు ఎప్పుడూ వంద డాలర్లకి తక్కువ పడలేదు.

వాళ్ళిచ్చిన ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్ళలు వేస్తూ పోయాను. ఆ బిళ్ళ కరిగినప్పుడల్లా సయన్యూరిక్ యాసిడ్‌ని కూడా నీళ్ళలో వదులుతుంది. దీని పని క్లోరిన్‌ ఎండకి పోకుండా గొడుగు పట్టడం. 30 నుంచి 50 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళలో ఎన్ని పాళ్ళు అన్న లెక్క) దాకా ఉంటే మంచిదే. నా పూల్‌లో 120. గొడుగు పట్టేవాళ్ళు అంతమంది చుట్టూ మూగితే పెద్దాయన చెయ్యి కదిపేదెలా? పరీక్షలో క్లోరిన్ ఉన్నట్టే కనిపిస్తుంది, పని మాత్రం జరగదు. ఈ సంగతి మనకి ఏ నియోజకవర్గంలోనైనా అనుభవమే. దానికి మందు లేదు, పాత నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోయడమే. ఒక్కసారే ఖాళీ చేస్తే కింద భూగర్భజలం ఎక్కువుంటే తొట్టి మొత్తం పైకి లేచే ప్రమాదం ఉందట, అందుకని కొలత 40కి దిగేదాకా విడతలవారీగా తోడి పోశాను.

మా వచ్చీపోయే అతిథులు కూడా తలో సాయం చేశారు. నాన్న పటిక వెయ్యమన్నాడు. నవ్వాను గానీ కొట్లో నీళ్ళు తేర్చే మందని అమ్మే డబ్బాల్లో కొన్నిటిలో ఉండేది ఆ పటికే. అమ్మేమో పిల్లల తలలకి కొబ్బరినూనె దట్టించి మరీ ఈతకి పంపింది, నూనె తేలింది, క్లోరిన్ హరించుకుపోయింది. నేను సిగ్గుపడటం మానేశాను, ఎందుకంటే 2016లో రియో ఒలింపిక్స్ వాళ్ళ డైవింగ్ పూలే రాత్రికి రాత్రి పచ్చబడింది. క్లోరిన్ ఉన్న నీళ్ళలో ఎవరో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే అది క్లోరిన్‌ని కాస్తా మింగేసింది.

చివరికి తోమడానికే దిగాను. నిచ్చెన ఊడదీశాను, గూట్లోంచి లైటు బయటికి లాగాను, ఫిల్టర్ కార్ట్రిడ్జులు కడిగాను, గోడలూ మూలలూ బ్రష్‌తో రుద్దాను. ప్రహరీ చెదిరితేనే క్లోరిన్ లోపలికి పోతుంది. పొద్దుగుంకాక లిక్విడ్ క్లోరిన్ పోసి 16 పీపీఎంకి తెచ్చాను, పంపు ఆపలేదు. (బిళ్ళలూ, బ్లీచింగ్ పొడీ, యాసిడ్ ఒకే బకెట్‌లో కలపకండి, అక్కడ వ్యంగ్యం పనిచెయ్యదు.) రాత్రి క్లోరిన్ కొలిచి, సూర్యుడు రాకముందే మళ్ళీ కొలవాలి. 1 పీపీఎం కంటే ఎక్కువ తగ్గిందంటే రాత్రంతా లోపల ఎవరో ఉన్నారన్నమాట. చిన్నప్పుడు మా నాయనమ్మ డబ్బాలో లడ్డూలు లెక్కపెట్టిన పద్ధతే ఇది.

ఆరో రోజు తెల్లవారుజామున ఆఫీసులో ప్రిన్సిపల్ ఆర్కిటెక్ట్ అని పిలిపించుకునే నేను లుంగీ ఎగ్గట్టి, బ్రష్ పట్టుకుని నిలబడి ఉండగా తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసింది.

"ఇంత పొద్దున్నే ఏం చేస్తున్నావురా?"

"పాచిపని."

కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఎన్నిళ్ళల్లో చేస్తున్నావురా?"