మచ్చల సరస్సు ఫోటోకి కంచె దాటాల్సిన పనిలేదు

కెనడాలోని మచ్చల సరస్సు (స్పాటెడ్ లేక్) గురించి ఒక పోస్టు తెగ షేర్ అవుతోంది. దాని సారాంశం ఇది: శరదృతువు రాగానే చెట్ల ఆకుల్లాగే సరస్సు కూడా రంగు మారుతుందట. రోడ్డు మీద నుంచి తీస్తే ఏమీ రాదట, కంచె దాటి మచ్చల మధ్య నడిస్తేనే అసలు ఫోటో అట. సూర్యాస్తమయం వేళ తప్ప వెళ్లడం దండగట. పోలరైజర్, అంటే లెన్సు ముందు బిగించి నీటి మెరుపు తగ్గించే ఫిల్టర్, ఉంటే మిగతాదంతా అదే చూసుకుంటుందట. చదవడానికి బాగానే ఉంది కానీ, నిలబడే మాట ఒక్కటీ లేదు.

ముందు రంగుల సంగతి. ఈ సరస్సు బ్రిటిష్ కొలంబియాలో ఒసోయూస్ ఊరికి పడమరగా, 3వ నంబరు హైవే పక్కనే ఉంది. లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి లేదు, ఆవిరైపోవడమే. మెగ్నీషియం సల్ఫేట్, అంటే మనకు తెలిసిన ఎప్సమ్ సాల్ట్, దాంతోపాటు కాల్షియం, సోడియం సల్ఫేట్లు ఇందులో దండిగా ఉన్నాయి. ఎండాకాలం నీరు ఆవిరయ్యేకొద్దీ లవణాలు పేరుకుని, మచ్చల్లా కనిపించే మడుగుల చుట్టూ గట్లు కడతాయి. ఏ మడుగులో ఏ ఖనిజం ఎంత చిక్కగా ఉందో దాన్నిబట్టి ఒకటి పసుపుగా, ఒకటి ఆకుపచ్చగా, ఒకటి నీలంగా కనిపిస్తుంది. శరదృతువులో మనం చూసేది వేసవి చేసిపెట్టిన పనే. ఆకులు పండడానికీ దీనికీ సంబంధం లేదు. పైగా గట్టి వాన పడిందంటే నీరు పెరిగి మచ్చలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అందుకే నెల చూసుకుని కాదు, అంతకుముందు వారాల్లో వానలు పడ్డాయో లేదో చూసుకుని బయల్దేరాలి. చుట్టూ ఎర్రటి ఆకుల తోరణం ఉంటుందనీ ఆశపడకండి. అది పొదలు, పైన్ చెట్లు ఉండే పొడి నేల. సెప్టెంబరులో పసుపు పూలతో నిండే రాబిట్‌బ్రష్ పొదలు మాత్రం ఫ్రేములో ముందు పెట్టుకోవడానికి బాగుంటాయి.

కంచె దాటమనే సలహా అన్నిటికంటే చెడ్డది, రెండు విధాలుగా.

ఒకటి, ఆ నేలకు యజమానులున్నారు. ఒకనాగన్ ఆదివాసీ జాతులకు ఈ సరస్సు, వాళ్ల మాటలో క్లిలుక్, పవిత్ర స్థలం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇక్కడి లవణాలను మందుగుండు తయారీకి తరలించారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ నేల ఒక ప్రైవేటు కుటుంబం చేతిలో ఉంది, స్పా కట్టే ఆలోచన కూడా నడిచింది. చివరికి 2001లో 22 హెక్టార్లను 7,20,000 డాలర్లకు కొని ఆదివాసీలు తిరిగి దక్కించుకున్నారు. అలాంటి చోట గట్ల మీద బూటు గుర్తులు వేసి దాన్ని ‘అడ్వెంచర్’ అనుకోవడం సిగ్గుచేటు.

రెండు, కిందికి దిగితే ఫోటో కూడా చెడుతుంది. ఇది మాత్రం లెక్కేసి చూడండి. ఒడ్డున నిలబడితే మీ కళ్లు నీటికి సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటాయి. 30 మీటర్ల దూరంలోని మచ్చను 3 డిగ్రీల కోణంలో చూస్తున్నట్టు. అంత గుండ్రటి మడుగూ అక్కణ్నుంచి సన్నటి గీతలా అణిగిపోతుంది. ఎత్తులో ఉన్న రోడ్డు పక్క నుంచే గుండ్రం తెలుస్తుంది. దూరాన్ని దగ్గరగా లాగే 70-200 మి.మీ. జూమ్ లెన్సుతో అయిదారు మచ్చలు ఏరుకుని ఫ్రేము నింపితే, సరస్సంతా ఇరికించిన వైడ్ ఫోటో కంటే ఎంతో మేలు. ‘డ్రోన్ ఎగరేస్తా’ అనేవాళ్లకు ఒక మాట: కెనడాలో 250 గ్రాములు, ఆపైన బరువున్న డ్రోనుకు రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్ రెండూ కావాలి. అవి చేతిలో ఉన్నంత మాత్రాన స్థల యజమానుల అనుమతి అడగనక్కర్లేదని కాదు.

ఇక సూర్యాస్తమయం. కొండలకు బాగుంటుందేమో కానీ ఈ సరస్సుకు నప్పదు. సూర్యుడు 10 డిగ్రీల ఎత్తుకు దిగాక నీటి మీద పడే వెలుగులో దాదాపు మూడో వంతు పైనుంచే తిరిగిపోతుంది. 40 డిగ్రీల దగ్గరైతే నూటికి 95 పాళ్లకు పైగా లోపలికి వెళ్తుంది. మడుగు రంగు బయటపడేది ఆ లోపలికెళ్లిన వెలుగుతోనే. అక్కడ సెప్టెంబరు చివర్లో మధ్యాహ్నం సూర్యుడు ఇంచుమించు 40 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, అక్టోబరు ఆఖరుకు 27కి దిగిపోతాడు. కాబట్టి శరదృతువులో మిట్టమధ్యాహ్నమే మీ నేస్తం. సాయంత్రపు నారింజ వెలుగులో తెల్లటి గట్లు, పసుపు మడుగులు అన్నీ ఒకే రంగు పులుముకుంటాయి.

పోలరైజర్ తప్పకుండా పెట్టుకోండి, కానీ అద్భుతాలు ఆశించొద్దు. నీటి ఉపరితలానికి 37 డిగ్రీల కోణంలో చూసినప్పుడే అది మెరుపును పూర్తిగా కోస్తుంది. రోడ్డు మీద నుంచి మన చూపు అంతకంటే చాలా వాలుగా పడుతుంది కాబట్టి దక్కేది కొంతే. రింగు మెల్లగా తిప్పుతూ ఎక్కడ మెరుపు బాగా తగ్గిందో అక్కడ ఆపడమే.

ఆ పోస్టు అసలు ఎత్తని సమస్య ఇంకొకటి ఉంది: ఉప్పు తెలుపు. వెలుగును కొలిచే కెమెరా మీటరు దాన్ని బూడిద రంగుకు లాగేస్తుంది, మడుగులు కూడా చీకటైపోతాయి. ఫోటో వెలుగును పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 నుంచి +1 దాకా పెంచి, వెలుగునీడల గ్రాఫు అయిన హిస్టోగ్రామ్ కుడి అంచుకు తగలకుండా చూసుకుంటే, ఇంటికొచ్చాక రంగుల గాఢత పెంచే సాచురేషన్ స్లైడరు జోలికి పెద్దగా వెళ్లాల్సిన పని ఉండదు.