చంపకపోతే చేతికేటొచ్చింది?

సంక్రాంతికి పర్లాకిమిడిలో మా మేనత్త ఇంటికెళ్తే బావ లాప్‌టాప్‌లో అండర్‌టేల్ అనే గేము పెట్టుకుని ఎదురొచ్చినదాన్నల్లా కొట్టి చంపుతున్నాడు, పక్కన ప్లేట్లో బరా ఘుగుని చల్లారిపోతోంది. నోరు మూసుకుని తినొచ్చు కదా, ఉండలేకపోయాను.

నేను: వదిలేయొచ్చు కదా బావా దాన్ని, నిన్నేటి చేసింది?

బావ: వదిలేస్తే నాలుగు నాణాలు పడేసి పోతాది, లెవెల్ పెంచే ఎక్స్‌పీ పాయింట్లు సున్నా. చంపితే నాణాలూ వస్తాయి, ఎక్స్‌పీ కూడా వస్తాది. ఏది లాభమో నువ్వే చెప్పు.

నేను: అందులో ఎక్స్‌పీ అంటే మిగతా గేముల్లోలా అనుభవం కాదు, ఎంతమందిని చంపావో ఆ లెక్క. ఆఖర్న వాళ్ళే చెప్తారు.

బావ: ఆఖర్న చెప్తే నాకేటి? ఎవర్నీ చంపనోడు చివరిదాకా లెవెల్ 1లో, 20 హెచ్‌పీ ప్రాణంతో బక్కచిక్కిపోయి ఉంటాడు. ధర్మానికి పోతే కర్మం చుట్టుకుందని ఊరికే అన్నారేటి.

నేను: అది గేము చేసినోడు కావాలని పెట్టిన కష్టం. నేననేది వేరే, గేము దేనికి డబ్బిస్తే ఆడేవాడు అదే చేస్తాడు. బల్ల మీద ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఉంది కదా, దాని 1981 బేసిక్ సెట్ చూడు, గాబ్లిన్ అనే చిన్న రాక్షసుణ్ణి చంపితే 5 ఎక్స్‌పీ, అదే ఒక బంగారు నాణెం బయటికి మోసుకొస్తే 1, అంటే వంద నాణాల మూటకి వంద. ఇంక కత్తి ఎవడు తీస్తాడు, పిల్లిలా పోయి మూట తెచ్చుకోవడమే కదా, లేదంటే గాబ్లిన్‌కి లంచమిచ్చో అబద్ధం చెప్పో తప్పుకోవడం. 2004లో వచ్చిన వాంపైర్ బ్లడ్‌లైన్స్ గేములో అయితే శవానికి అసలు ఎక్స్‌పీయే లేదు, పని పూర్తయితేనే. చంపితేనే లాభమనే మిగతా గేములు మన ఊరి లెక్క కాపీ కొట్టాయి. కాశీనగర్‌లో తాత అన్నదమ్ముల గట్టు తగువు అరుగు మీదే తీర్చేస్తే ఆయనకి ఒక టీ, అదే కోర్టుకెక్కితే వకీలుకి వాయిదాకో ఫీజు.

బావ: ఎక్స్‌పీ సరే, కత్తి సంగతేటి? మంచి కత్తి ఎప్పుడూ చచ్చినోడి చేతిలోనే ఉంటాది. వాడితో తియ్యగా మాటాడి పంపించేస్తే కత్తి కూడా పోయింది. ఇంకోటి, 2011లో డ్యూస్ ఎక్స్ హ్యూమన్ రెవల్యూషన్ వచ్చింది కదా, అందులో చంపడం కంటే స్పృహ తప్పించి పడేస్తే ఎక్కువ ఎక్స్‌పీ. నువ్వు గేమంతా అలాగే ఆడావు. అది దయ అనుకున్నావా? రేటు చూసుకున్నావు, అంతే.

(ఇది తగిలింది. నిజంగానే ఎవరి ముఖమూ గుర్తులేదు, అంకె ఒక్కటే గుర్తుంది.)

నేను: రేటు తప్పయితే రేటు మార్చాలి గానీ...

బావ: అయినా తాతకి టీ ఒక్కటే ఏటి, ఆ గట్టోళ్ళు ప్రతి వేసవికీ మామిడిపళ్ళ బుట్ట పంపేవారు కాదా?

నేను: అద్గదీ! అదే కదా నేను చెప్పేది. చంపినోడికి కత్తి అప్పటికప్పుడే, వదిలేసినోడికి బుట్ట తర్వాతెప్పుడో. వదిలేసినోడు మళ్ళీ కనపడి సరుకు తక్కువకి ఇవ్వాలి, లేదా ఏ తలుపో తియ్యాలి. చచ్చినోడు ఇవ్వలేనిది వాడివ్వాలి. చాలా గేముల్లో వదిలేసినోడు మళ్ళీ కనపడడు, అక్కడే వస్తోంది తంటా.

బావ: బుట్టంటే గుర్తొచ్చింది, అవన్నీ మీ ఇంటికే పోయేవి. మాకు టెంకలు.

నేను: టెంకలా? అత్త రెండు జాడీలు మాగాయ పెట్టుకునేది!

బావ: మాగాయకి పచ్చికాయ కావాలిరా గుంటడా, బుట్టలో వచ్చేవి పళ్ళు. ఏ ఇంట్లో తిన్నావో నువ్వు.

అక్కణ్ణుంచి పది నిమిషాలు మామిడికాయల మీదే పోయింది. అత్త వచ్చి ప్లేటు తీసేసింది.

బావ: సరే గానీ, డ్యూస్ ఎక్స్‌లో నువ్వు పడుకోబెట్టినోళ్ళ జేబులు?

నేను: ...తీసేవాణ్ణి.

బావ: అందరివీ?

నేను: నిద్రలో ఉన్నోడికి ఏం తెలుస్తాది బావా.