సవరణ: కార్న్ స్నేక్ పిల్ల మేత గురించి

ఇళ్లలో పెంచుకునే కార్న్ స్నేక్ అనే పాము పిల్ల తోకను వేగంగా ఆడిస్తే అది ఆకలికి గుర్తని, మేత ముట్టకపోతే రోజూ పెట్టి చూడాలని గతంలో రాశాను. ఆ రెండు మాటలూ తప్పు. చదివినవారు నన్ను మన్నించాలి.

తోక ఆడించడం భయానికి గుర్తు. అమెరికా ఆగ్నేయ ప్రాంతపు అడవుల్లో, పొలాల్లో పుట్టి పెరిగే ఈ విషం లేని పాము, శత్రువు దగ్గరికి వచ్చినప్పుడు ఎండుటాకుల మధ్య తోకను అదిలించి తోకతో గలగలమనే విషపాము ర్యాటిల్ స్నేక్ చేసేలాంటి చప్పుడు చేస్తుంది. పెన్సిలంత సన్నని పిల్లకు మనిషి చెయ్యి కూడా శత్రువే కనుక, ఆ సమయంలో దాన్ని కదపకుండా వదిలేయాలి.

మేత విషయానికొస్తే, పిల్ల శరీరంలో లావైన భాగాన్ని మించని, వెంట్రుకలు రాని ఎలుకపిల్లను, గడ్డకట్టినదైతే పూర్తిగా కరిగించి గోరువెచ్చగా చేసి, 5 నుంచి 7 రోజులకు ఒకటి చొప్పున ఇస్తే చాలు. కళ్లు నీలంగా మసకబారి కుబుసం విడవబోయే రోజుల్లో అది తినకపోవడం సహజం. తిన్న తరువాత 48 గంటలు చేతిలోకి తీసుకోకూడదు; పామును ఉంచే పెట్టెలో ఒక వైపు సుమారు 29 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం లేకపోతే, తిన్నది అరగక కక్కే ప్రమాదం ఉంది. కక్కితే మాత్రం కనీసం 10 రోజులు ఆగి, మరింత చిన్న మేత ఇవ్వాలి. మళ్లీ కక్కితే సరీసృపాలు తెలిసిన పశువైద్యునికి చూపించాలి.